లాచిన్ పాటలో డేగ

ఈ వారం ఒక సంగీత కార్యక్రమంలో అజర్‌బైజాన్ జానపదగీతం ‘లాచిన్’ వినిపించారు. పాట మొదలవకముందే వ్యాఖ్యాత విషయం తేల్చేశాడు: లాచిన్ ఒక ఊరు, ఇది ఆ ఊరి మీద కట్టిన దేశభక్తి గీతం. ఈ శీర్షిక పాఠకులకు ఇక్కడి పాత పట్టుదల తెలిసిందే. పాటలో పిట్ట వస్తే ముందు దాన్ని పిట్టగానే వినాలి.

లాచిన్ అంటే డేగ.

అక్కడి కవిత్వంలో మామూలుగా గులాబీ కోసం విలపించే బుల్‌బుల్ కనబడుతుంది. 18వ శతాబ్దపు కరబాఖ్ కవి మొల్లా పనాహ్ వాగిఫ్ అయితే బారులు తీరి ఎగిరే క్రౌంచ పక్షులతో మాట్లాడాడు. ఈ పాటలో మాత్రం ప్రేమంతా వేటపక్షి మీద. పల్లవి నిండా దాని మీద ప్రాణం పెట్టుకున్న బుజ్జగింపే. నలదమయంతుల హంసలా దీనికి రాయబారం పని అప్పగించలేదు. డేగను పెంచేవాళ్లకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది: చేతి మీద కూర్చుని మాంసం తిన్న పక్షి, వేటకు వదిలాక తిరిగి రాకపోవచ్చు. ఆ భయం తెలిస్తేనే ఆ బుజ్జగింపు గుండెకు తగులుతుంది.

చరణాలు ‘బయాతీ’లు. నాలుగు పాదాలు, పాదానికి ఏడు అక్షరాలు. మూడో పాదం ఒక్కటే అంత్యప్రాస తప్పించుకుంటుంది. ఎవరు కట్టారో తెలియదు, గాయకులు తమకు నచ్చినవి కలుపుకుంటూ పోతారు. బాగా ప్రచారంలో ఉన్న చరణంలో అరస్ నదిని విడదీశారన్న మాట, ఆ వెంటే తమను కూడా బలవంతంగా విడదీశారన్న మొర. 1813 నాటి గులిస్తాన్, 1828 నాటి తుర్క్‌మన్‌చాయ్ ఒప్పందాలతో రష్యా, ఇరాన్‌ల మధ్య ఆ నది సరిహద్దుగా మారింది. ఒకే భాష మాట్లాడేవాళ్లు నదికి చెరో ఒడ్డున మిగిలారు.

ఇక్కడే పాత పట్టుదల సడలుతోంది. ప్రేమపాటలోకి సరిహద్దును తెచ్చింది వ్యాఖ్యాత కాదు, జనమే. 1992 మే నెలలో లాచిన్ పట్టణం ఆర్మేనియన్ సేనల వశమైంది. అక్కడి అజర్‌బైజానీలు ఇళ్లు వదిలి పోయారు. 2020 డిసెంబర్ 1న ఆ జిల్లా తిరిగి అజర్‌బైజాన్ చేతికొచ్చింది. ఆ మధ్యకాలమంతా ఊరికి దూరమైనవాళ్లు ఈ పల్లవి విన్నప్పుడు వాళ్లకు డేగే గుర్తుకు రావాలని పట్టుబట్టే హక్కు ఎవరికుంది? పోయి రాని పక్షి కోసం బెంగ, పోలేని ఊరి కోసం బెంగ ఒకే పిలుపులో ఇమిడాయి. అలా ఇమడనివ్వడమే ఈ పాట గొప్పదనం.

వినాలనుకునేవారు కమాంచ అనే తీగవాద్యం తోడున్న గానం వెతుక్కోవాలి. ఆ వాద్య కళను 2017లో యునెస్కో జాబితాలో చేర్పించింది అజర్‌బైజాన్, ఇరాన్‌లు కలిసే.