టోపీ లేకపోయినా చాప్లినే

గుండ్రటి టోపీ, బుల్లి మీసం, చేతికర్ర. ఈ మూడూ గీస్తే చార్లీ చాప్లిన్ వచ్చినట్టేనని చాలా కార్టూన్లు అనుకుంటాయి. నేను ఒప్పుకోను. అవి తీసేశాక కూడా ఆ బొమ్మ నడకను బట్టి ప్రేక్షకుడు అతన్ని పోల్చుకోవాలి. అప్పుడే ఆ గీసినవాడికి చాప్లిన్ పట్టుబడినట్టు.

ఈ పని మన హైదరాబాద్‌లోనే జరిగిందని చాలామందికి తెలియదు. 'చాప్లిన్ అండ్ కో' అనే టీవీ కార్టూన్‌ను ఫ్రాన్స్‌కు చెందిన మెథడ్ యానిమేషన్, ఎంకే2లతో కలిసి నిర్మించింది హైదరాబాద్ సంస్థ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్. ఆరేసి నిమిషాల కథలు 104. 1914లో తెరకెక్కిన చాప్లిన్ దేశదిమ్మరి ఇందులో ఇప్పటి నగరంలో తిరుగుతాడు. మాటలుండవు.

ఇందులో కష్టమంతా కదలికలో ఉంది. మూకీ చిత్రాలను చేత్తో తిప్పే కెమెరాతో తీసేవారు, హాల్లో తరచు ఇంకాస్త వేగంగా ఆడించేవారు. ఆ నటనలోని చురుకుకు అదొక కారణం. కంప్యూటర్ బొమ్మ తీరు వేరు. రెండు భంగిమల మధ్య దారిని యంత్రమే పూరిస్తుంది, కదలిక నూనె మీద జారినట్టు పోతుంది. చాప్లిన్ జారడు. ఆగుతాడు, చూస్తాడు, అప్పుడు కదులుతాడు. పరుగెత్తుతూ మూల తిరగాల్సి వస్తే ఒంటికాలి మీద గెంతి నిలదొక్కుకుంటాడు. ఆ ఆగడాన్ని, ఆ బరువును యానిమేటర్ తన చేత్తో పెట్టాలి. నీడ పడగానే హాస్యగాడు కేతిగాడు వచ్చాడని జనానికి తెలియాలన్నది మన తోలుబొమ్మలాటలోనూ ఉన్నదే.

చాప్లిన్‌ను బొమ్మగా గీయడం పాత సంప్రదాయమే. ఫీలిక్స్ పిల్లిని గీసిన ఆటో మెస్మర్ అంతకుముందు చాప్లిన్ కార్టూన్లే గీశాడు. 1923 నాటి 'ఫీలిక్స్ ఇన్ హాలీవుడ్'లో పిల్లి చాప్లిన్‌ను అనుకరిస్తుంది, చాప్లిన్ వచ్చి తన విద్య దొంగిలించావని నిలదీస్తాడు. 1994లో 'ది సింప్సన్స్' కార్టూన్‌లోని తాత అదే వేషం కడితే ఈసారి చాప్లిన్ వారసుల తరఫు లాయరే దిగుతాడు.

అసలు విద్య ఎవరిది? 'ది గోల్డ్ రష్' (1925)లో రెండు రొట్టెలకు ఫోర్కులు గుచ్చి చాప్లిన్ ఆడించే నృత్యాన్ని 1917లోనే 'ది రఫ్ హౌస్'లో ఫ్యాటీ ఆర్బకిల్ చేసి చూపించాడు. లోకానికి గుర్తున్నది మాత్రం చాప్లినే. ఎందుకంటే అతను ఆ చిలిపి పని వెనుక ఒక ఒంటరితనాన్ని పెట్టాడు. కొత్త సంవత్సరం రాత్రి విందు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు, పిలిచినవాళ్లు రాలేదు. ఆ నృత్యం అతని కల. అనుకరించేవాళ్లు చాలామంది రొట్టెలు తీసుకుని ఆ ఎదురుచూపును వదిలేశారు.

తెలుగులో 1986 నాటి జంధ్యాల 'చంటబ్బాయ్'లో చిరంజీవి చాప్లిన్ వేషం కట్టి మెప్పించారు. నా మనసు మాత్రం మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు మాటల్లేకుండా తీసిన 'పుష్పక విమానం' వైపే మొగ్గుతుంది. అందులో టోపీ లేదు, కర్ర లేదు, చాప్లిన్ ఉన్నాడు.

మాటల్లేని ఈ హాస్యం హైదరాబాద్ శివార్లలోని బీరంగూడ కమాన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు బాగా అర్థమవుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు ఇక్కడి కిరాయి గదుల్లో ఉంటారు. ఒక గదిలో తెలుగు, పక్క గదిలో ఒడియా, ఆ పైన హిందీ. మాటల్లేని హాస్యం మూడు గదులకూ సరిపోతుంది. అందరికీ 'మోడరన్ టైమ్స్' (1936) వేసి చూపించాలని నా కోరిక. నట్లు బిగించీ బిగించీ చాప్లిన్ చేతులు మిషన్ వదిలాక కూడా ఆగవు, ఎదురొచ్చిన ఆవిడ గౌను గుండీలనూ బిగించబోతాడు. 'పుష్పక విమానం'లో కమల్ హాసన్‌ది అదే అవస్థ. సినిమా హాలు రొద పక్కన బతికినవాడికి పెద్ద హోటల్ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. ఆ రొదను టేపులో ఎక్కించి తెచ్చుకుని, పెట్టుకుని పడుకుంటాడు.