నల్లరేగడిలో మడగాస్కర్ పామ్‌లు

మడగాస్కర్ దీవిలో దాదాపు 200 రకాల పామ్‌లు, అంటే తాటి, కొబ్బరి కుటుంబానికి చెందిన చెట్లు ఉన్నాయి. ఏ కొద్ది రకాలో తప్ప అవి మరో నేల మీద సహజంగా పెరగవు. 2012లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ వేసిన అంచనా ప్రకారం వాటిలో 83 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. కడియం నర్సరీల్లో దొరికేవి వీటిలో కొన్ని మాత్రమే. వాటిలోనూ నంద్యాల, ఆళ్లగడ్డ పెరళ్లలో నిలదొక్కుకునేవి ఇంకా తక్కువ. ఏది బతుకుతుందో తేల్చేది ఆ దీవిలో దాని సొంత చోటు. తూర్పు తీరంలో ఏడాది పొడవునా వాన కురుస్తుంది. పడమర, దక్షిణాలలో ఎండాకాలం ఏడెనిమిది నెలలు సాగుతుంది. మే నెల ఎండ తరచూ 43 డిగ్రీలు దాటే మన కుందూ నది లోయకు సరిపోయేవి ఈ రెండో వైపు చెట్లే. ఊరూరా వేసవిలో ఎర్రగా పూసే తురాయి కూడా మడగాస్కర్ పొడి అడవుల నుంచి వచ్చిందే.

ఈ ఎండకు బాగా తట్టుకునేది బిస్మార్కియా. 1881లో దీన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్తలు తమ దేశ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు పెట్టారు. పడమటి గడ్డిభూముల్లో మంటలు రేగినా నిలబడే చెట్టు ఇది. వృక్షశాస్త్రంలో దీనిదీ తాటిదీ ఒకే తెగ. విసనకర్ర ఆకులు, పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు కావడం రెండింటిలోనూ ఉన్నాయి. అయితే బిస్మార్కియా ఆకు మీద మైనపు పొడి ఉంటుంది. వెండి నీలంగా మెరిసేది ఆ పొర వల్లే. గోటితో గీస్తే కింద ఆకుపచ్చ కనిపిస్తుంది. తాటిపండులో సాధారణంగా మూడు టెంకలుంటే, దీని కాయలో ఒకటే గింజ. కాయ పొడవు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ.

మొలకెత్తే తీరు తేగలు తిన్నవారికి కొత్తేమీ కాదు. తాటి టెంకలాగే ఈ గింజ కూడా ముందు మొలక కాడను లోతుగా మట్టిలోకి దించి, అక్కడి నుంచి తొలి ఆకును పైకి పంపుతుంది. అందుకే లోతులేని ట్రేలలో కాక పొడవాటి సంచుల్లో గింజ వేయాలి. మొలకకు రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వేర్లు కదిపితే చెట్టు ఓర్చుకోదు. పెద్ద చెట్టును తవ్వి తెచ్చి నాటడం డబ్బు పోసి చావు కొనడమే. ఎదిగాక గుబురు ఐదారు మీటర్ల వెడల్పు పరుచుకుంటుంది కాబట్టి మూడు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన చోటు దీనికి చాలదు.

చిన్న పెరడుకు ట్రయాంగిల్ పామ్ మేలు. దక్షిణ మడగాస్కర్‌లోని అందోహహేలా ప్రాంతం దీని పుట్టిల్లు. అడవిలో ప్రమాదపు అంచున ఉన్న ఈ జాతిని గుర్తుపట్టడం తేలిక. ఆకులు మూడే వరుసల్లో పుట్టి, వాటి మొదళ్లు త్రికోణంగా పేరుకుంటాయి. మొదళ్ల మీద గోధుమ రంగు నూగు, అడుగు ఈనెల కొసల నుంచి వేలాడే సన్నని దారాలు మరో గుర్తు. పాత పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం డిప్సిస్ డెకారీ. 2022 వర్గీకరణ దీన్నీ అరెకా పామ్‌నూ క్రిసాలిడోకార్పస్ ప్రజాతిలోకి మార్చింది.

ఇళ్ల ముందు కుండీల్లో కనిపించే అరెకా పామ్‌కు వక్కచెట్టుతో పేరులోనే పోలిక. వక్క ఒంటి కాండం. ఇది గుంపుగా పిలకలు వేస్తుంది, ఆకు కాడలు పసుపు. ప్రపంచమంతా కుండీల్లో ఉన్నా సొంత అడవిలో ఇది ముప్పుకు చేరువలో ఉన్న జాతి. తూర్పు తీరపు మొక్క కాబట్టి ఇక్కడ సగం నీడ కావాలి. నదీతీరాల్లో పెరిగే మెజెస్టీ పామ్ అడుగు తడి ఆరితే నిలవదు. బోరు అడుగంటే ఇళ్లలో దాని జోలికి పోకపోవడమే మంచిది.

‘మడగాస్కర్ పామ్’ అని అమ్మే ముళ్ల మొక్క అసలు పామే కాదు. పాకిపోడియం అనే ఆ మొక్క గన్నేరు కుటుంబానిది. తుంచితే ద్రవం కారుతుంది, పూలు దేవగన్నేరు పూలలా ఉంటాయి. ఒకే తలంలో ఆకులు విప్పే ట్రావెలర్స్ పామ్ అరటికి దగ్గరిది. సీసా ఆకారపు బాటిల్ పామ్ నిజమైన పామే గానీ దాని ఊరు మారిషస్. చీలిన ఆకులుండే చెట్లలో ఒక పరీక్ష బాగా పనికొస్తుంది. ఈనె ఆకు మొదలును అడ్డంగా కోసి చూడాలి. ఈత, ఖర్జూరాల్లో మడత గాడిలా పైకి తెరుచుకుంటుంది. కొబ్బరి, అరెకా, ట్రయాంగిల్ పామ్‌లలో మడత ఇంటికప్పులా కిందికి వాలుతుంది.

నల్లరేగడితో ఇబ్బంది రెండు విధాలు. వానలో నీరు నిలుస్తుంది, ఎండలో పగుళ్లు తీసి వేర్లను తెంపుతుంది. మూడడుగుల గుంతలో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపి, నేల కంటే అడుగు ఎత్తు దిబ్బ మీద నాటడం దీనికి విరుగుడు. జూన్, జూలై వానలు అదును. మొవ్వు మట్టిలో కూరుకుపోకూడదు. పామ్‌కు మొవ్వు ఒక్కటే ప్రాణం. మొక్క మొదలు చుట్టూ శనగ పొట్టో వరిగడ్డో పరిస్తే పగుళ్లు తగ్గుతాయి.

సున్నం ఎక్కువున్న నేలలో మొక్కకు ఇనుము, మాంగనీసు అందవు. కొత్త ఆకు పసుపుగా వస్తే ఇనుము లోపం, ముడుచుకుని కాలినట్టు వస్తే మాంగనీసు లోపం. పాత ఆకుల మీద నారింజ చుక్కలు పొటాషియం లోపాన్ని చెబుతాయి. అందం కోసం అలాంటి ఆకులను నరికేస్తే మొక్క వాటిలోంచి తీసుకునే పొటాషియం కూడా పోతుంది. పూర్తిగా ఎండినవే తీయాలి. కొబ్బరిని తినే కొమ్ము పురుగు వీటి మొవ్వులోకీ దూరుతుంది. పక్కనే పేడకుప్ప ఉంటే అది అక్కడే గుడ్లు పెడుతుంది.

ట్రయాంగిల్, మెజెస్టీ పామ్‌లు రెండూ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశాల మధ్య వాటి వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి. నర్సరీలో గింజ నుంచి పెంచిన మొక్కనే కొనడం, బిస్మార్కియా అయితే ఊళ్లో పోతు, పెంటి చెట్లు రెండూ పూతకొచ్చేలా చూసుకోవడం వల్ల తర్వాతి గింజ ఇక్కడే దొరుకుతుంది.