మంచు క్రింది చేప: ఒక పాఠముపై విమర్శ

నీటి అసంగత వ్యాకోచమును బోధించు పాఠములలో తరచుగా కానవచ్చు బొమ్మ యొకటి కలదు. పైన మంచుపలక, దాని క్రింద 0 డిగ్రీల నీరు, అడుగున 4 డిగ్రీల నీరు, అందులో ఈదులాడు చేపలు. కావున శీతలదేశములలో చెరువులు గడ్డకట్టినను చేపలు బ్రతుకుచున్నవని చెప్పి పాఠము ముగియును. ఇందులో అబద్ధము లేదు. కాని చెప్పినది సగమే.

మొదట ఆ దేశములకే పోదము. ఫిన్లండు, రష్యా, కెనడాలలో మంచు కనీసము 10 సెంటీమీటర్ల మందమైన పిమ్మట దానిపై నడచి, పెద్ద బర్మాతో రంధ్రము తొలిచి, గాలమును అడుగు తగులువరకు వదలుదురు. అడుగున తిరుగు బర్బట్ అను చేప చలికాలమందే, మంచు క్రిందనే గ్రుడ్లు పెట్టును. బొమ్మ ప్రకారము అడుగుభాగము చేపకు సుఖస్థానము. వెచ్చదనము మట్టుకు నిజమే. మరి ఊపిరి మాటయేమి? గడ్డపై మంచు దట్టముగా కురిసి పేరుకొన్నచో వెలుతురు లోనికి దిగదు. నీటిమొక్కలు ప్రాణవాయువును విడువలేవు. అడుగు బురదలోని కుళ్ళు ఉన్నదానిని కాజేయును. లోతులేని చెరువులలో మంచు కరగునప్పటికి చచ్చిన చేపలు తేలుట అక్కడివారెరిగినదే. వెచ్చదనమెక్కువైన చోటనే ఊపిరి తక్కువ! పాఠము మాత్రము ఉష్ణమాపకమును చూచి చేప క్షేమమని చెప్పినది.

ఇక కొల్లాపూరు సంగతి. అచ్చటికి సమీపమున సోమశిలవద్ద శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన కృష్ణ ఏనాడును గడ్డకట్టదు. అక్కడి పిల్లవాడు ఈ పాఠమును వల్లించి తన నీటిని గురించి ఏమి తెలిసికొనును? లీటరు నీటి బరువులో 4, 0 డిగ్రీల మధ్య తేడా 0.13 గ్రాము. 25, 30 డిగ్రీల మధ్య తేడా 1.4 గ్రాములు, అనగా పదిరెట్లు. ఎండకు కాగిన పైనీరు చల్లని అడుగునీటిపై మూతవలె నిలుచుటకు ఉష్ణదేశపు లోతైన జలాశయములలో కొద్ది డిగ్రీల తేడాయే చాలును. పైగా 0 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 30 డిగ్రీల వద్ద 7.6 మాత్రమే ఇముడును. మన చేప సగము పెట్టుబడితోనే బ్రతుకు ప్రారంభించుచున్నది.

కొర్రమట్ట, మార్పు దీనికి కనిపెట్టిన ఉపాయము ఏ బొమ్మలోనున్నది? అవి పైకి వచ్చి గాలిని మ్రింగును. అందుచేత చెడిన నీటిలోను బ్రతుకును. ఆ కొర్రమట్టనే మంచు క్రిందికి పంపినచో, చలి సంగతి అటుంచినను, పైకి దారి మూసికొనిపోయి ఊపిరాడక చచ్చును.

బంగారుతీగ మరియొక మంచి ఉదాహరణము. ఐరోపా చెరువులలో మంచు క్రింద మేత దాదాపు మాని చలికాలము గడపు ఈ చేపయే మన చెరువులలో ఏడాది పొడవునా అడుగు బురద కెలికి మేయును. దీని బాంకాక్ రకము 1957లో మన దేశమునకు వచ్చినది. చేప ఒకటే, నీళ్ళు రెండు. పాఠము వ్రాయువారు దీనిని విడచిపెట్టుట వింత.

పాత బొమ్మను తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన రెండవది కావలెను: వైశాఖపు టెండలో చెరువు, డిగ్రీలతోపాటు ప్రాణవాయువు అంకెలు, నీటిపైకి నోరు తెరచిన కొర్రమట్ట.