ఆమెన్ దాకా రాకముందే

మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కాటకిజంలో రాత్రి ప్రార్థనకి ఒక పద్ధతి ఉంది. సిలువ గుర్తు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, కావాలనుకుంటే ఇంకో చిన్న ప్రార్థన. అంతే, ఆ తరవాత ఆలస్యం చెయ్యకుండా, సంతోషంగా నిద్రపోవాలట. 1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్‌కి మేం వారసులం. మా తరం కన్ఫర్మేషన్ క్లాసులో ఆ పుస్తకాన్ని బట్టీ పట్టింది. పది ఆజ్ఞలు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఆలస్యం చెయ్యకుండా నిద్రపొమ్మన్న ఆ ఒక్క మాటే, అరవై దాటాక ఎవరికీ చేతకావడం లేదు.

మా చర్చిలో గురువారం సాయంత్రం పెద్దవాళ్ల కూటం ఒకటి నడుపుతున్నాను. ప్రార్థన మనవులు చెప్పమంటే ముందు మోకాళ్లు వస్తాయి, తరవాత షుగరు, ఆ తరవాత అమెరికాలో ఉన్న అబ్బాయి వీసా. నిద్ర సంగతి మాత్రం అందరి ముందూ రాదు. కూటం అయ్యాక చెప్పుల దగ్గర గొంతు తగ్గించి చెబుతారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉన్నారు. “నలభై ఏళ్లు సండే స్కూల్లో చింతపడకండి అని పిల్లలకి చెప్పానండీ. ఇప్పుడు నేను ఫ్యాన్ రెక్కలు చూస్తూ తెల్లారుస్తున్నాను. ఈ మాట అయ్యగారితో ఎలా చెప్పను?” అన్నారు.

నిద్ర రాకపోవడం ఒక బాధ. విశ్వాసం లేకే నిద్ర రావడం లేదేమోనని సిగ్గుపడడం రెండో బాధ. మొదటిదాన్ని వయసు తెచ్చిపెడుతుంది, రెండోదాన్ని మనమే, మన ప్రసంగాలే తెచ్చిపెడుతున్నాయి. వయసు మీదపడే కొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, మధ్యలో మెలకువలు పెరుగుతాయి, పెందలాడే నిద్ర ముంచుకొచ్చి పెందలాడే తెలివొస్తుంది. ఇది ఒంటి తీరు. దీన్ని ఆత్మీయ స్థితికి కొలబద్దగా వాడేవాళ్లు కీర్తనల గ్రంథం సరిగ్గా చదవలేదనుకుంటాను. డెబ్భై ఏడో కీర్తనలో ఆసాపు తన కళ్లు మూతపడకుండా పట్టుకున్నది దేవుడేనని నేరుగా ఆయన్నే నిలదీస్తాడు. ఆ ఫిర్యాదుని ఎవరూ కొట్టెయ్యలేదు, పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు.

మతం మనసుకి మేలు చేస్తుందా అన్నదాని మీద అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన పరిశోధనలో నాకు పనికొచ్చిన సంగతి ఒకటే: విశ్వాసం ఎంత ఉందన్నదానికంటే, కష్టంలో దాన్ని ఎటువైపు తిప్పుకుంటున్నారన్నది ముఖ్యం. దేవుడు నాతో ఉన్నాడు అనుకునేవాళ్లకి ఊరట దొరుకుతుంది. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనుకునేవాళ్లకి అదే విశ్వాసం దిగులుని పెంచుతుంది. మా కూటంలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు.

అందుకే “బాగా ప్రార్థన చెయ్యండి, నిద్ర అదే వస్తుంది” అన్న సలహా నేనివ్వను. నిద్ర కోసం ప్రయత్నించేకొద్దీ అది దూరం జరుగుతుంది. ప్రార్థన కూడా ఆ ప్రయత్నంలో భాగమైతే, పడుకున్నవాళ్లు మనసులో గడియారం పెట్టుకునే ప్రార్థిస్తారు. పది నిమిషాలైంది, ఇంకా రాలేదు, సరిగ్గా చెయ్యలేదేమో, మళ్లీ మొదటినుంచి. ఇలా గంట గడుస్తుంది.

పనికొచ్చేది ప్రార్థన వేళని, చోటుని, పొడుగుని మార్చడం. ముందు లిస్టు సంగతి. మన పెద్దవాళ్ల దగ్గర ప్రార్థన నోట్‌బుక్కు ఉంటుంది. కొడుకులు, కోడళ్లు, మనవలు, పాస్టర్లు, పక్కింటివాళ్ల ఆపరేషను, ఇల్లు కడుతున్నవాళ్ల అప్పు, నవంబరు వస్తే పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్టు. ప్రేమతో రాసుకున్న లిస్టే అది, కాదనను. కానీ దాన్ని రాత్రి తొమ్మిదిన్నరకి మంచం మీద తెరిస్తే ఏమవుతుంది? ఒక్కో పేరు దగ్గరా ఒక్కో భయం లేచి కూర్చుంటుంది. మనవడి పేరు దగ్గర బైకు, బైకు దగ్గర లారీ. ఆమెన్ అనేసరికి గుండె దడదడలాడుతుంటుంది.

ఈ విజ్ఞాపన అంతా సాయంత్రం ఐదింటికో ఆరింటికో, వరండాలో కుర్చీ వేసుకుని చెయ్యమంటాను. చింతకి రోజులో ఒక వేళ కేటాయించి దాన్ని ఆ వేళకే కట్టెయ్యడం వైద్యులకి తెలిసిన పద్ధతే. 1983లో థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి రాశారు. 2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో ఇంకో ప్రయోగం జరిగింది. బేలర్ టెక్సస్‌లో బాప్టిస్టులు పెట్టిన విద్యాసంస్థ. అక్కడ మైఖేల్ స్కల్లిన్ 57 మంది యువతీయువకులని పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నాడు. అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే, రేపు చెయ్యాల్సినవి రాసినవాళ్లకి సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపట్టింది. వివరంగా రాసేకొద్దీ ఇంకా త్వరగా. వాళ్లంతా కుర్రవాళ్లే అయినా, మా పెద్దవాళ్ల చేత కూడా రాయిస్తున్నాను. “అబ్బాయి గురించి” అని వదిలెయ్యకూడదు. “శుక్రవారం బ్యాంకుకి వెళ్లి ఎఫ్‌డీ కాగితం అడగాలి” అని రాయాలి. దేవుడికి అప్పగించాల్సింది ఒకవైపు, మన చేతిలో ఉన్నది ఇంకోవైపు. రెండు పేజీలుగా రాసి నోట్‌బుక్కు మూసి హాల్లో పెట్టాలి. పడకగదిలోకి తేకూడదు.

ఇక పడుకునే ముందు ఒక చిన్న కీర్తన, రెండు మాటల కృతజ్ఞత. ఇదీ పాత పద్ధతే. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళిలో రోజు చివరి ప్రార్థనకి ఏ రాత్రీ మారని మూడు కీర్తనలు పెట్టాడు. మన లెక్కలో 4, 91, 134. దాని తరవాత మౌనం. రోజూ అవే కీర్తనలు కాబట్టి ఏది చదవాలా అన్న ఆలోచన ఉండదు, కొత్త అర్థాల వేట ఉండదు. మనవాళ్లకి 91 ప్రాణం. కానీ మరీ భయస్తులకి నేను దాన్ని రాత్రిపూట ఇవ్వను. అందులో తెగులూ పాములూ సింహాలూ ఉన్నాయి, వాటినే లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లని చూశాను. 134లో మూడే వచనాలు. 121లో ఎనిమిది. కాపలాకాసేవాడు మేలుకునే ఉన్నాడు గనక మనం కూడా మేలుకుని ఉండనక్కర్లేదన్న ధైర్యం 121 ఇస్తుంది.

చదవడం నెమ్మదిగా ఉండాలి. ఇటలీలోని పవియాలో లూచానో బెర్నార్డి బృందం 23 మంది చేత లాటిన్‌లో జపమాల చెప్పించి, ఓం మణి పద్మే మంత్రం కూడా చెప్పించి ఊపిరి కొలిచింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చైన ఆ లెక్క ప్రకారం రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకి దిగింది, గుండె లయ కుదురుకుంది. గుణదల మాత కొండెక్కే మా కేథలిక్ స్నేహితులు ఇది విని మురిసిపోయారు. మంత్రం సంగతి చెప్పాక ఆ మురిపెం కొంచెం తగ్గింది. జపమాల లేని మా లూథరన్లం వచనానికీ వచనానికీ మధ్య ఒక నిండు ఊపిరి వదలొచ్చు.

పడుకుని ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి కుర్చీలో కూర్చోవాలి, మంచం మీద పోరాడకూడదు. దీన్ని 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు, ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో పాటిస్తున్నారు. మసక వెలుతురులో తెలిసిన కీర్తనే మళ్లీ చదువుకోవచ్చు. ఫోన్లో యూట్యూబ్ ప్రసంగం మాత్రం వద్దు. మైకులో అరుస్తూ అంత్యదినాల గురించి చెప్పే ప్రసంగం విని రాత్రి రెండింటికి ఎవరు నిద్రపోగలరు?

మూడింటికి మెలకువొస్తే దేవుడు ప్రార్థనకి లేపుతున్నాడని చెప్పే సేవకులున్నారు. కొందరికి ఆ మాట తీయగానే ఉంటుంది. వాళ్లు లేచి ప్రార్థించి హాయిగా పడుకుంటారు. దిగులు మనుషులకి అదే ఒక డ్యూటీ అవుతుంది. రేపు కూడా లేవాలేమో, లేవకపోతే ఏం జరుగుతుందో అని పన్నెండింటికే భయం మొదలు. ఇలాంటి ప్రసంగాల్లో సమూయేలు కథ తప్పక వస్తుంది. ఆ అధ్యాయం మళ్లీ చదవండి. కుర్రవాడు మూడుసార్లు పరుగెత్తుకొస్తే ముసలి ఏలీ మూడుసార్లూ వెళ్లి పడుకోమనే చెప్పాడు. దేవుడు మాట్లాడడం అయ్యాక కూడా సమూయేలు తెల్లవారేదాకా పడుకునే ఉన్నాడు. డెబ్భై దాటినవాళ్లని ఆల్‌నైట్ ప్రేయర్‌కి రమ్మని బలవంతపెట్టే సంఘాలకి కూడా ఈ అధ్యాయమే చెబుతాను. ఒక్క రాత్రి జాగారం వాళ్ల నిద్రవేళల్ని రోజుల తరబడి తారుమారు చేస్తుంది.

నిద్ర చెడగొట్టేది ఇంకోటుంది, డాలస్‌లో ఉన్న పిల్లల ఫోన్లు. అవి కూడా రాత్రి తొమ్మిదిన్నరకే. అక్కడ పొద్దున్న, పిల్లలకి ఆఫీసు పని హడావుడి, గొంతులో చిరాకు. ఆ చిరాకుకి కారణమేమిటా అని ఇక్కడ రాత్రంతా మథనం. మన పొద్దున ఏడింటికి చెయ్యమనండి, అక్కడ భోజనాలయ్యే వేళ.

నిద్రమాత్రల సంగతి ఒక్కమాట. అల్ప్రజోలం లాంటివి పెద్దవాళ్లని తూలేలా చేస్తాయి, పడిపోతే తుంటి ఎముక విరగొచ్చు. అలాగని ఏళ్లుగా వేసుకుంటున్నవాటిని సాక్ష్యం చెప్పడానికి ఒక్క రాత్రిలో మానెయ్యడం ఇంకా ప్రమాదం. డాక్టరు మెల్లగా తగ్గించాలి.

మొన్న కూటంలో హెడ్‌మిస్ట్రెస్ గారు ఈసారి అందరి ముందే అడిగారు, కీర్తన మధ్యలోనే నిద్ర పడుతోంది, ఆమెన్ చెప్పకపోతే ప్రార్థన చెల్లుతుందా అని. ప్రార్థనలో నిద్రపోవడం గురించి కేథలిక్ పునీతురాలు లిసియూ తెరేసమ్మ కూడా రాసుకుందని, నిద్రపోయే పిల్లలు అమ్మానాన్నలకి చేదా అని ఆమె సరిపెట్టుకుందని చెప్పాను. ఆవిడ సంతోషించారు. వెనక వరసలోంచి వాళ్లాయన లేచి, “ఆమెన్ నేను చెబుతున్నానులెండి. నాకెక్కడ నిద్ర? ఈవిడ గురక పెడుతూంటే మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. మళ్లీ వచ్చేదాకా నేను వింటూ ఉండాలి” అన్నారు. ఇద్దరినీ ఈ వారమే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లి నిద్ర పరీక్ష గురించి అడగమన్నాను. నోట్‌బుక్కు తెరిచి, మన చేతిలో ఉన్న పనుల పేజీలో అక్కడే రాయించాను.