స్తంభం ఎక్కే ఎండ

గుడ్‌ఫ్రైడే సెలవు ఒక ఏడు మార్చిలో, మరో ఏడు ఏప్రిల్‌లో ఎందుకొస్తుందని క్యాలెండర్ తిరగేస్తూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ సెలవు ఈస్టర్‌ని బట్టి జరుగుతుంది. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది. మరుసటేడు ఏప్రిల్ 20కి జరిగిపోయింది. లెక్క చిన్నదే. వసంత విషువత్తు నాడుగానీ ఆ తర్వాతగానీ వచ్చే పౌర్ణమిని పట్టుకోవాలి, దాని వెనకే వచ్చే ఆదివారం పండగ. పున్నమి చంద్రుణ్ణి ఎవరైనా గుర్తుపడతారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజేదో తేల్చడమే కష్టం. దాన్ని సరిచూసుకోవడానికి పారిస్‌లో ఒక విచారణ గురువు ఏకంగా తన చర్చినే పరికరం చేసేశాడు.

ఆ చర్చి సెయింట్ సుల్పీస్. 1646లో ఫ్రాన్స్ రాణి ఆన్ శంకుస్థాపన చేసింది. అప్పులు పెరిగి 1678లో పని ఆగిపోతే, నలభై ఏళ్లు మొండిగోడలతోనే ఉంది. 1714లో విచారణ బాధ్యత తీసుకున్న లాంగే ద జెర్జీ మళ్లీ కదిలించాడు. చందాలు రాబట్టడంలో గట్టివాడు. భోజనానికి పిలిస్తే వాళ్లింటి వెండి చెంచాలు కూడా జేబులో వేసుకుని వచ్చేవాడనీ, వాటిని కరిగించి మరియమాత విగ్రహం పోయించాడనీ కథలు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, అలాంటి మనిషి లేకపోతే ఆ కప్పు పడేది కాదు.

గంటలు వేళ తప్పకుండా మోగాలి, ఈస్టర్ తేదీ తప్పు పోకూడదు. అదీ ఆయన పట్టుదల. 1727లో హెన్రీ సల్లీ అనే ఆంగ్లేయ గడియారాల పనివాణ్ణి పిలిచాడు. సల్లీ మరుసటేడే చనిపోయాడు. పని మూలపడి, 1743లో ల మొనియే అనే ఖగోళ శాస్త్రవేత్త చేతిమీద పూర్తయింది.

చర్చి కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది కదా. ఆ సిలువ దక్షిణపు చేతి కిటికీలో, సుమారు 25 మీటర్ల ఎత్తున, చిన్న రంధ్రం ఉంచారు. నేలమీద దక్షిణం నుంచి ఉత్తరానికి తిన్నగా ఇత్తడి గీత పొదిగారు. సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ రంధ్రంలోంచి దిగే వెలుగు బిళ్ళ ఆ గీతను దాటుతుంది. వేసవిలో సూర్యుడు ఎత్తున ఉంటాడు కాబట్టి బిళ్ళ కిటికీకి దగ్గర్లో పడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ పోతుంది. విషువత్తు నాటికి బలిపీఠం ముందున్న కోడిగుడ్డు ఆకారపు లోహపు పలక మీదికి చేరుతుంది.

చిక్కంతా చలికాలంలో. పారిస్‌లో డిసెంబరు సూర్యుడు బాగా కిందికి వాలిపోతాడు. నేలమీదే పట్టుకోవాలంటే ఇంకో ఇరవై మీటర్ల పొడుగు కావాలి, అక్కడ గోడ అడ్డం. గోడ పగలగొట్టలేరు, సూర్యుణ్ణి పైకి జరపలేరు. గీతనే పైకి తిప్పారు! ఉత్తరపు గోడ దగ్గర పది మీటర్లకు పైగా ఎత్తున్న పాలరాతి స్తంభం నిలబెట్టి, ఇత్తడి గీతను దానిమీదికి ఎక్కించారు. చలికాలం ఎండ ఆ స్తంభం ఎక్కుతుంది. ఈ చర్చిలో నాకు అన్నిటికంటే నచ్చే ఉపాయం ఇదే. చిత్రకారుడు దెలాక్రువా 1861లో ముగించిన కుడ్యచిత్రాలు, యాకోబు దేవదూతతో కుస్తీ పట్టే ఘట్టంతో సహా, అదే కప్పు కింద ఉన్నాయి. కళాభిమానులు నన్ను క్షమించాలి.

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజున జనం బారులు తీరతారు. అక్కడ వెలుగు దర్శనం కోసం. ఇక్కడ కొలత కోసం. 1633లో గెలీలియోను శిక్షించిన క్యాథలిక్ చర్చే, 1655లో ఇటలీలోని బొలోన్యాలో సాన్ పెట్రోనియో చర్చి కప్పులోంచి ఖగోళ శాస్త్రవేత్త కస్సీనీ సూర్యుణ్ణి కొలుస్తుంటే చోటిచ్చింది. ‘మతం ఒకవైపు, శాస్త్రం ఒకవైపు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకు ఈ గీతలు ఇబ్బందే. ల మొనియే ఈస్టర్‌తో ఆగలేదు, భూమి అక్షం వంపు కాలక్రమంలో ఎంత మారుతోందో కూడా ఇక్కడే పరిశీలించాడు.

ఫ్రెంచి విప్లవం వచ్చాక సెయింట్ సుల్పీస్‌ని ‘విజయ మందిరం’గా మార్చారు. 1799 నవంబరులో, అధికారం చేజిక్కించుకోవడానికి మూడు రోజుల ముందు, నెపోలియన్ బోనపార్టీకి ఇక్కడే విందు జరిగింది. స్తంభం కింద చెక్కిన రాజు, మంత్రుల పేర్లు చెరిపేశారు. గీత జోలికి మాత్రం పోలేదు.

‘ద డా విన్సీ కోడ్’ పుణ్యమా అని తర్వాత ఆ గీతకు కొత్త భక్తులు తయారయ్యారు. నవలలో రాసిన అన్యమత ఆలయం ఇక్కడెప్పుడూ లేదని చర్చివాళ్లు నోటీసు అంటించాల్సి వచ్చింది. పారిస్ మధ్యాహ్న రేఖ కూడా ఇది కాదు, అది కాస్త తూర్పున పోతుంది.

ఎప్పుడైనా వెళ్తే గడియారంలో పన్నెండు చూసి గీత దగ్గర నిలబడకండి. పారిస్ గడియారాలు సూర్యుడికంటే ముందు నడుస్తాయి. మార్చి విషువత్తు నాడు అసలైన మధ్యాహ్నం ఒంటిగంటకు కాస్త ముందు, సెప్టెంబరులోనైతే వేసవి కోసం గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచడం వల్ల ఒకటీ ముప్పావుకి. మబ్బు పడితే ఆ రోజుకి లేనట్టే.