కోడికి సెలవుండదు

గుడ్లు పెట్టే లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. లక్ష కోళ్లున్న ఫారానికైతే రోజుకు 11 టన్నులు. అందులో సగానికి పైగా మొక్కజొన్న, పావు వంతుకు అటూ ఇటూగా సోయా చెక్క. మిగతాది తవుడు, నూకలు, సున్నపురాయి పొడి, ఖనిజాలు, విటమిన్లు. ఎవరైనా వేళ్ల మీద వేసుకోగల లెక్కే. ముడిసరుకు రేటు మండిపోతుంటే నూలు మిల్లు ఒక షిఫ్టు ఆపుకోగలదు, సిమెంటు ఫ్యాక్టరీ పది రోజులు తాళం వేసుకోగలదు. కోళ్ల ఫారానికి ఆ వీలు లేదు. రేటు ఎంతున్నా రేపు పొద్దున తొట్టెలో మేత పడాల్సిందే.

దాణా మిల్లులో పర్చేజ్ మేనేజర్ అనే మనిషి ఉద్యోగమంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరుగుతుంది. గుడ్డు తయారీ ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే గనుక ఫారం లాభనష్టాలు చాలావరకు అతని చేతిలోనే ఉంటాయి. తెలుగువాళ్లకు ఇది పక్కింటి విషయమేమీ కాదు. 2023-24 లెక్కల ప్రకారం దేశంలోని గుడ్లలో 17.85 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, 12.88 శాతం తెలంగాణవి. అంటే పదింట మూడు గుడ్లు ఇక్కడివే.

పర్చేజ్ మేనేజర్ పనితనం చూడాలంటే లారీ గేటు దగ్గరే చూడాలి. నిజామాబాద్ వైపు వానాకాలం మొక్కజొన్న, కృష్ణా డెల్టాలో వరి కోశాక దున్నకుండానే వేసిన రబీ పంట, కర్ణాటకలోని దావణగెరె సరుకు, వేసవిలో బీహార్ గులాబ్‌బాగ్ నుంచి వచ్చేది. వేటి తీరు వాటిదే. ఇనుప గొట్టం బస్తాలో గుచ్చి గింజలు తీస్తారు. తేమ 14 శాతం దాటిందా అని మీటరు చెబుతుంది. అయినా పాతకాపు ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి చూస్తాడు. పటుక్కున విరిగితే సరే, పంటి కింద మెత్తగా నలిగితే మొహం చిట్లిస్తాడు. లారీ లోపలి వరస బస్తాలో చెయ్యి దూర్చి వెచ్చగా ఉందేమో చూస్తాడు. నెమ్ము ఎక్కిన సరుకు లోలోపల వేడెక్కుతుంది, ఆ వెనకే బూజు వస్తుంది. కొన్ని చోట్ల నలగ్గొట్టిన గింజలను చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెట్టి, ఆకుపచ్చ కలిసిన పసుపు మెరుపు కనిపిస్తుందేమో చూస్తారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ మామూలు వేడికి చావదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోతే, కూపీ లాగగా కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఈ విషాన్ని ప్రపంచం గుర్తించింది అప్పుడే. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల్లో గిరిజనులు బూజు పట్టిన మొక్కజొన్న తిన్నారు. వంద మందికి పైగా పోయారు. అక్కడికి వెళ్లి విషయం తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

వాన, పురుగు, బూజు. వీటితో వేగడం ఈ వృత్తికి తెలుసు. డ్రయ్యరు ఉంది, పరీక్ష కిట్లు ఉన్నాయి, విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్లు ఉన్నాయి. 2018లో శివమొగ్గలో బయటపడి ఏడాది తిరక్కుండానే తెలుగు చేల మీద పడిన కత్తెర పురుగుకు కూడా రైతులు ఏదో ఒక దారి వెతుక్కున్నారు. పర్చేజ్ మేనేజర్‌కు మీటరు లేనిదల్లా ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వుకే.

2021 సంగతే చూడండి. ఆ ఏడాది సోయా గింజల మద్దతు ధర క్వింటాకు 3,950 రూపాయలు. ఆగస్టు నాటికి మార్కెట్ ధర 10,000 దాటింది. ఫారాలవాళ్లు గగ్గోలు పెట్టారు. జన్యుమార్పిడి సోయాను మన దేశంలో పండించనివ్వరు, అయినా ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి తలుపు తీసింది. నూనె తీసేసిన చెక్క మొలకెత్తదు గనుక అభ్యంతరం లేదన్నది పర్యావరణ శాఖ వాదన. కొత్త పంట యార్డులకు వచ్చేసరికి ధర దాదాపు సగానికి పడింది. ఆ రేటుకు అమ్మలేక రైతులు సరుకు దాచుకున్నారు, ధర మళ్లీ లేచింది. డిసెంబర్ 20న మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ సోయాతో కలిపి ఏడు సరుకుల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని ఏడాదిపాటు నిలిపేసింది. అదే వారంలో సోయా చెక్కను నిత్యావసర సరుకుల జాబితాలో చేర్చి, వ్యాపారి దగ్గర 160 టన్నులకు మించి ఉండకూడదన్నారు. అయిదు నెలల్లోపు ఒక్క సరుకు మీద ఇన్ని ఉత్తర్వులు. ఒక్కోదాన్ని విడిగా చూస్తే ఏదో ఒక సబబు కనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం, మూడు నెలల తర్వాత సరుకు ఏ రేటుకు కొంటానో చెప్పగల మనిషి దేశంలో ఒక్కడూ మిగల్లేదు.

ఫ్యూచర్స్ అంటే జూదమని మన దగ్గర చాలామంది అభిప్రాయం. జూదం ఆడేవాళ్లూ అందులో ఉన్నారు, కాదనక్కర్లేదు. కానీ మార్చిలో కావలసిన సరుకుకు డిసెంబర్‌లోనే రేటు కట్టేసుకోవడానికి ఉన్న పనిముట్టు అది. చిన్న ఫారాలు అక్కడ లావాదేవీలు చేసేవి కావన్నదీ నిజమే. అయినా ఆ బోర్డు మీది అంకె చూసి బేరమాడేవాళ్లు బోలెడుమంది. ఏడాదికని మొదలైన నిలుపుదలను ఆ తర్వాత పదేపదే పొడిగించారు. ధరల పెరుగుదలకు భయపడి ధర చూపించే అద్దాన్ని మూసేస్తే కొనేవాడికి ఒరిగేదేమిటో ఈ కాలమ్‌కు ఇప్పటికీ బోధపడలేదు.

మొక్కజొన్న కథ తెలంగాణకు ఇంకా దగ్గరిది. 2020 మొదట్లో చికెన్ తింటే కరోనా వస్తుందని పుకారు లేచింది. హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోడి అమ్ముడుపోకపోతే దాణాకు గిరాకీ ఎక్కడిది? మేలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు ప్రకటించి, వానాకాలంలో మొక్కజొన్న వేయొద్దంది. ధర పడిపోయి ఉన్న ఆ రోజుల్లోనే, జూన్‌లో, కేంద్రం 5 లక్షల టన్నుల మొక్కజొన్నను 50 శాతం సుంకానికి బదులు 15 శాతానికే దిగుమతి చేసుకోవచ్చంది. అక్టోబర్‌లో పంట చేతికొచ్చాక, వద్దన్నా వేశారని రైతులను ఒకరు, సుంకం తగ్గించింది మీరేనని కేంద్రాన్ని ఇంకొకరు తప్పుబట్టారు. రైతులు రోడ్డెక్కితే గానీ క్వింటాకు 1,850 రూపాయల మద్దతు ధరకు కొనడానికి రాష్ట్రం ఒప్పుకోలేదు.

2022లో వంతు కాకినాడ రేవుది. సెప్టెంబర్ 8న ఉత్తర్వు, మర్నాటి నుంచే నూకల ఎగుమతి బంద్, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం. ప్రభుత్వం చెప్పిన కారణాల్లో కోళ్ల దాణా ముందే ఉంది: కిలో 16 రూపాయలున్న నూకలు 22కు చేరాయని. కొన్నవాళ్లు అదనపు సుంకం కట్టబోమనడంతో దేశంలోని రేవుల్లో దాదాపు 10 లక్షల టన్నుల బియ్యం ఇరుక్కుపోయింది. ఫారానికి ఊరటనిచ్చిన అదే కాగితం రేవు దగ్గర ఎగుమతిదారుడి మెడకు చుట్టుకుంది.

ఇక్కడ ఎవరూ అమాయకులు కారని కూడా చెప్పుకోవాలి. ధర పెరిగితే దిగుమతులు కావాలని ఫారాల సంఘాలు వినతిపత్రం పట్టుకుని వెళతాయి. పడిపోతే సుంకం పెంచాలని నూనె మిల్లుల సంఘాలు అదే మెట్లు ఎక్కుతాయి. ఏ ప్రభుత్వమైనా ఎవరో ఒకరి మాట వినక తప్పదు. కొరత వచ్చినప్పుడు చేతులు కట్టుకు కూర్చోమని ఎవరూ అనరు. ధర ఈ గీత దాటితే సుంకం ఇంతకు తగ్గుతుంది, ఈ గీత కిందికి దిగితే మళ్లీ ఇంతకు పెరుగుతుంది అని విత్తనం వేయకముందే కాగితం మీద ఉంటే చాలు. ఆ రెండు గీతల మధ్య ఎలా బతకాలో మొక్కజొన్న రైతుకూ తెలుసు, పర్చేజ్ మేనేజర్‌కూ తెలుసు. రాత్రికి రాత్రి వచ్చే ఉత్తర్వు వల్ల మేలు జరిగేది దాన్ని ముందు పసిగట్టినవాడికి మాత్రమే.

ఇక పెట్రోలులో కలిపే ఇథనాల్. 2023 జూలైలో దాని తయారీకి ఎఫ్‌సీఐ బియ్యం ఇవ్వడం ఆపారు, డిసెంబర్‌లో చెరకు రసానికి అడ్డు పెట్టారు. మిగిలింది మొక్కజొన్న. దాని నుంచి తీసిన ఇథనాల్‌కు లీటరు 71.86 రూపాయలు ఇస్తామన్నారు. టన్ను గింజల నుంచి సుమారు 380 లీటర్లు వస్తాయి. అంతకుముందు డిస్టిలరీలకు పెద్దగా పట్టని సరుకు వాళ్లకు ముద్దొచ్చింది. ఫారాలకు గింజ కరువైంది. మొక్కజొన్న ఎగుమతి చేసే మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి తెచ్చుకుంది. రైతుకు మాత్రం ఎన్నాళ్లకో మంచి ధర కనిపించింది. ఆ ఉత్సాహంతో విస్తీర్ణం పెరిగింది. 2025 చివరికి మద్దతు ధర 2,400 ఉండగా మార్కెట్ దానికి బాగా కిందే ఉండిపోయి, నవంబర్‌లో కర్ణాటక రైతులు వీధికెక్కారు.

డిస్టిలరీకి వెళ్లిన గింజ ఫారానికి ఇంకో రూపంలో తిరిగి వస్తుంది. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పిని ఎండబెడితే వచ్చేదే డీడీజీఎస్. మొక్కజొన్న పిప్పిలో 26 నుంచి 30 శాతం మాంసకృత్తులు, బియ్యపు పిప్పిలో ఇంకా ఎక్కువ. సోయా చెక్క కంటే చవక. ఫార్ములా రాసే నిపుణుడు లెక్క వేసి చూసుకుని సోయా కొంత తగ్గించి దీన్ని ఎక్కించాడు, సోయా చెక్క ధర దిగింది. అయితే గింజలో మూడింట రెండు వంతులుండే పిండి పదార్థం సారాయిగా మారిపోతుంది, విషం మాత్రం పిప్పిలోనే ఉండిపోతుంది. అంటే అఫ్లాటాక్సిన్ మూడింతలు చిక్కబడుతుంది. గింజలో వంద కోట్ల పాళ్లకు 10 పాళ్లుంటే పిప్పిలో 30 ఉన్నట్టు. కోళ్ల దాణాలో 20 దాటకూడదన్నది భారతీయ ప్రమాణాల బ్యూరో (బీఐఎస్) నిబంధన. పైగా మనుషులు తినడానికి పనికిరాని, పాడైన ధాన్యంతో ఇథనాల్ చేయొచ్చని 2018 జీవ ఇంధన విధానమే చెబుతోంది. పెట్రోలు ట్యాంకు వరకు ఆ అనుమతికి వంక పెట్టాల్సిన పని లేదు. పిప్పి మాత్రం ట్యాంకుకు వెళ్లదు కదా.

అందుకే జాగ్రత్త ఎరిగిన మిల్లులు డీడీజీఎస్‌ను ఫార్ములాలో ఇంతకు మించి కలపకూడదని గీత గీసుకుంటాయి. అమ్మేవాడి పేరు చూసి కాక, లారీ లారీకీ నమూనా తీసి పరీక్షిస్తాయి. ఫలితం వచ్చేదాకా సరుకు దింపరు. పర్చేజ్ మేనేజర్ ఈలోగా గోదాములో ఎన్ని రోజుల మేత ఉందో చూసుకుంటాడు. లారీ ఆగినందుకు వెయిటింగ్ చార్జీ ఎవరు కట్టాలో కొనుగోలు ఆర్డరులో ముందే రాయించుకుంటాడు.