అతిథి రాసిన పుస్తకం: గువేరా, గ్రనాడోల యాత్రారచనల్లో ఆతిథ్యం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1952లో దక్షిణ అమెరికా ఖండమంతటా ఇద్దరు మిత్రులు చేసిన ఒకే ప్రయాణం నుంచి రెండు పుస్తకాలు వచ్చాయి. ఎర్నెస్టో గువేరా రాసినది 'మోటార్‌సైకిల్ డైరీస్' పేరుతో లోకప్రసిద్ధం. ఆల్బెర్టో గ్రనాడో దినచర్య 1978లో హవానాలో వెలువడింది. మొదటి పుస్తకాన్ని విమర్శకులు ఎక్కువగా ఒక విప్లవకారుడి ఆవిర్భావకథగా చదువుతూ వచ్చారు. దారిలో అన్నం పెట్టినవారికీ, ఆ అన్నం తిన్నవారికీ మధ్య సంబంధం ఎలా మారిందన్నదే ఆ పుస్తకానికి వెన్నెముక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, ఆతిథ్యం, దినచర్య, గువేరా, గ్రనాడో, తులనాత్మక అధ్యయనం

1. ఉపోద్ఘాతం

మనుచరిత్రలో ప్రవరుడు అతిథుల కోసం ఎదురుచూసే గృహస్థు. ఇంటికి వచ్చిన సిద్ధుడికి భోజనం పెట్టిన తరువాత అతడు కోరేది ఒక్కటే: తిరిగివచ్చిన దేశాల ముచ్చట్లు. తిన్న అన్నానికి అతిథి చెల్లించే మూల్యం కథ. సిద్ధుడు కథతో ఆగక పాదలేపం కూడా ఇచ్చి వెళ్లాడు. దాని పర్యవసానం తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. తిథినియమం లేకుండా వచ్చేవాడు అతిథి అన్న వ్యుత్పత్తిలోనే, వచ్చేవాడి స్వేచ్ఛా ఉంది, పెట్టేవాడి సంసిద్ధతా ఉంది. యాత్రాసాహిత్య విమర్శ మాత్రం మొదటిదాన్నే పట్టించుకుంది. యాత్రికుడు ఏం చూశాడు, ఎలా మారాడు అని అడిగినంతగా, అతడికి ఆ రాత్రి చోటిచ్చింది ఎవరు, వారికి తిరిగి దక్కింది ఏమిటి అని అడగలేదు.

తెలుగులో ఈ ప్రశ్న తలెత్తకపోవడానికి ఒక కారణం కనిపిస్తుంది. మన యాత్రారచనలకు ఆదిగా చెప్పుకొనే 'కాశీయాత్ర చరిత్ర' కర్త ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం విడిచినప్పుడు ఆయన వెంట సుమారు వందమంది పరివారం ఉంది. డేరాలు, బోయీలు, వంటవారు వెంట నడిచిన ప్రయాణం అది. బసను తనతోపాటే మోయించుకుపోగలిగిన యాత్రికుడికీ, పూటపూటకూ ఎవరి గడపనో వెతుక్కోవలసిన యాత్రికుడికీ లోకం ఒకేలా కనిపించదు. గువేరా, గ్రనాడోలది రెండో రకం ప్రయాణం. అందువల్ల ఆతిథ్యం గురించిన ప్రశ్నకు వారి పుస్తకాలు తగిన పరీక్షాస్థలాలు.

1951 డిసెంబరు చివర కోర్డోబా నగరం నుంచి బయలుదేరేనాటికి గువేరాకు 23 ఏళ్లు, వైద్య విద్యార్థి. గ్రనాడోకు 29 ఏళ్లు, జీవరసాయన శాస్త్రజ్ఞుడు. కుష్ఠువ్యాధి చికిత్సాలయంలో పనిచేసిన అనుభవం ఉంది. వాహనం పాత నార్టన్ మోటారుసైకిలు. దానికి వారు పెట్టుకున్న పేరుకు 'మహాబలి రెండు' అని అర్థం చెప్పుకోవచ్చు. ఆ పేరు ఎంత ఎగతాళిగా పరిణమించిందో పుస్తకం మొదటి మూడోవంతు చదివినవారికి తెలుసు.

2. వాహనం ఉన్నంతకాలం

తొలి ప్రకరణాల్లో ఇద్దరూ గుడారం వేసుకుంటారు, షెడ్లలో పడుకుంటారు, పొలాల యజమానుల వంటగదుల్లో మాంసం కాల్చుకుని తింటారు. ఈ భాగాన్ని చాలామంది కుర్రతనపు వినోదంగా దాటేస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందన్నది గమనించాలి. సాన్ మార్టిన్ దె లోస్ ఆందెస్‌లో ఒక విందుకు సహాయకులుగా కుదిరిన మిత్రులు కడుపునిండా తినడమే కాక, గువేరా తాగి తూలుతున్నట్టు నటిస్తూ మద్యం సీసాలను ఒక్కొక్కటిగా వాగు ఒడ్డుకు చేరవేస్తాడు. తరువాత వెళ్లి చూస్తే దాచిన చోట ఏమీ లేదు. దొంగసొత్తును వేరే దొంగ ఎత్తుకుపోయాడు. ఈ ఘట్టాన్ని గువేరా తనమీద తానే నవ్వుతూ రాశాడు.

దాని వెన్నంటే వచ్చే మరో ఘట్టంలో నవ్వు గొంతులో చిక్కుకుంటుంది. సరస్సుల దారిలో ఒక ఇంటివారు షెడ్డులో పడుకోనిచ్చి, ఆ ప్రాంతంలో ప్యూమా అనే కొండపులి తిరుగుతోందని హెచ్చరిస్తారు. రాత్రి తలుపు దగ్గర గోళ్ల చప్పుడు, చీకట్లో మెరిసే రెండు కళ్లు. గువేరా తుపాకి పేల్చాడు. చచ్చింది ఆ ఇంటివారు ప్రాణంగా పెంచుకున్న కుక్క. ఆశ్రయమిచ్చిన ఇంట ప్రాణనష్టం కలిగించిన అతిథి తెల్లవారాక ఏ ముఖంతో నిలబడాలి? పుస్తకం ఈ ప్రశ్న దగ్గర ఆగదు, బండి ముందుకు పోతుంది. ఆ తొందర రచయిత లోపమని కొట్టివేయడం సులభం. అయితే ప్రయాణం ముగిశాక దినచర్యను తిరగరాస్తూ గువేరా ఈ ఘట్టాన్ని తీసివేయలేదు, మెత్తబరచలేదు. తనకు గౌరవం తెచ్చిపెట్టని సంఘటనను ఉంచడంలోనే ఒక అంగీకారం ఉంది.

చిలీలో ప్రవేశించాక వారికి కొత్త హోదా దొరికింది. టెముకో పట్టణపు పత్రిక ఇద్దరినీ కుష్ఠువ్యాధి నిపుణులుగా కొనియాడుతూ వార్త ప్రచురించింది. నిపుణుడు కాని గువేరా ఆ కాగితాన్ని మరమ్మతు షాపుల్లోనూ ఇళ్లలోనూ బాగానే వాడుకున్నాడు. లౌటారో పట్టణంలో విందు నాట్యంలో మెకానిక్కు భార్యతో హద్దుమీరి ప్రవర్తించి ఊరివారు తరుముతుంటే పారిపోవడం కూడా ఈ దశలోదే. మోటారుసైకిలు, పత్రికావార్త, చదువుకున్న కుర్రాళ్ల మాటతీరు - ఈ మూడూ వారిని బిచ్చగాళ్లుగా కాక సాహసికులుగా చూపాయి. తలుపులు తెరిపించినది వారి అవసరం కాదు, వారి వర్గం.

3. కథ కొనగల భోజనం

బండి ఆయువు చిలీలోనే తీరింది. లారీలో సాంటియాగో చేర్చి అక్కడ వదిలేశారు. కథననిర్మాణంలో ఇది కీలకమైన మలుపు. చక్రాలున్న దేశదిమ్మరికీ చక్రాల్లేని దేశదిమ్మరికీ జనం ఇచ్చే మర్యాదలో తేడా ఎంతో గువేరా స్వయంగా గుర్తిస్తాడు. ఆ తేడాను పూడ్చుకోవడానికి మిత్రులిద్దరూ కనిపెట్టినదే పుస్తకంలో అతి హాస్యభరితమైన 'వార్షికోత్సవ' తంత్రం. అర్జెంటీనా యాస వినబడేలా గట్టిగా మాట్లాడి పరిచయం కలుపుకుంటారు. మాటల మధ్య ఒకరు ఇవాళ తేదీ ఏమిటని అడుగుతారు. బయలుదేరి సరిగ్గా ఏడాది అయిందని, చేతిలో డబ్బు లేక పండుగ చేసుకోలేకపోతున్నామని రెండోవారు నిట్టూరుస్తారు. జాలిపడ్డ ఆసామి మద్యం ఇప్పిస్తాడు. మొదటి గుక్క తరువాత గువేరా గ్లాసు ముట్టడు. ఎంతో బతిమాలించుకున్నాక సిగ్గుపడుతున్నట్టు, తమ దేశంలో ఏమీ తినకుండా తాగే ఆచారం లేదని చెబుతాడు.

ప్రవరుడి ఇంట సిద్ధుడు చెప్పినదీ కథే, ఇక్కడ చెప్పినదీ కథే. తేడా నాణెం మేలిమిలో ఉంది. ప్రవరుడు అడిగి విన్నాడు. పెరూ, చిలీ ఆసాములకు అడిగే అవకాశమే లేదు, సంభాషణ ముందే రాసిపెట్టి ఉంది. ఈ తంత్రాన్ని కేవలం చమత్కారంగా చదివితే, తరువాతి పుటల్లో పేదల ఎదుట గువేరా పడే సిగ్గుకు మూలం అందదు. ఎదుటివాడి దయను యంత్రంలా నడిపించవచ్చని తెలిసినవాడికే, నడిపించకుండా వచ్చిన దయ బరువు తెలుస్తుంది.

వాల్‌పరైసోలో ఆ బరువు మొదటిసారి మీదపడింది. లా జోకొండా అనే చిన్న భోజనశాలలో వారికి డబ్బు తీసుకోకుండా తిండి పెట్టారు. అక్కడివారి కోరికమీద గువేరా ఒక వృద్ధురాలిని చూడడానికి వెళ్లాడు. ఉబ్బసం, గుండెజబ్బు, కొద్దికాలం క్రితం వరకూ ఆ ఒంటితోనే పరిచారికగా పనిచేసిన మనిషి. స్వయంగా ఉబ్బసరోగి అయిన గువేరాకు ఆమె ఊపిరి అందకపోవడం పుస్తకజ్ఞానం కాదు. దగ్గరున్న కొన్ని మాత్రలు ఇచ్చి, ఆహారం గురించి రెండు మాటలు చెప్పి వచ్చాడు. సంపాదించలేని రోగిని పేద ఇంటివారు ఎలా భారంగా చూడవలసి వస్తుందో, ఆ దృష్టికి రోగి కళ్లు ఎలా క్షమాపణ కోరుతున్నట్టుంటాయో వర్ణించిన ఈ పుట పుస్తకంలో ఉత్తమమైన వాటిలో ఒకటి. ఇందులో నినాదం లేదు. వైద్యుడు కాబోతున్న అతిథి తన చేతులు ఖాళీగా ఉన్నాయని చెప్పుకోవడం మాత్రమే ఉంది.

4. బకెడానో రాత్రి

చుకికమాటా రాగి గనికి వెళ్లే దారిలో, బకెడానో అనే చోట మిత్రులు ఒక కార్మిక దంపతులను కలిశారు. కమ్యూనిస్టు పార్టీని చిలీ ప్రభుత్వం 1948లో నిషేధించింది. ఆ పార్టీ సభ్యుడైన భర్త మూడు నెలలు జైల్లో గడిపి, పని వెతుక్కుంటూ భార్యతో ఎడారిదారి పట్టాడు. ఒంటిమీద కప్పుకోవడానికి కూడా వారి దగ్గర ఏమీ లేదు. కొవ్వొత్తి వెలుగులో మాతే కషాయం, రొట్టె, జున్ను పంచుకున్నారు. తమ దుప్పట్లలో ఒకటి వారికిచ్చి, మిగిలినదాన్ని మిత్రులిద్దరూ కప్పుకున్నారు. తనకు అతి ఎక్కువ చలివేసిన సందర్భాల్లో అది ఒకటని, అయినా మానవజాతికి కాస్త దగ్గరైనట్టు అనిపించిన సందర్భం కూడా అదేనని గువేరా రాశాడు.

ఈ ఘట్టాన్ని ఎత్తిచూపని విమర్శకుడు లేడు. అయినా ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవలసి ఉంది. దంపతులను గువేరా ప్రపంచ కార్మికవర్గానికి సజీవ ప్రతీకగా నిలబెడతాడు. ప్రతీక అయిన మరుక్షణం వారు మనుషులుగా కొంత తగ్గుతారు. భార్య దాదాపు మాట్లాడనే మాట్లాడదు. ఆమె మౌనాన్ని కూడా రచయితే వ్యాఖ్యానిస్తాడు. తెలుగు అభ్యుదయ సాహిత్యంలోనూ ఈ ప్రమాదం తరచు కనిపించేదే: శ్రమజీవి ముఖం గీయకముందే దానిమీద శీర్షిక రాసేయడం. గువేరాను ఆ ప్రమాదం నుంచి కాపాడింది దుప్పటి. వ్యాఖ్య ఎంత ఎత్తుకు పోయినా, ఒక దుప్పటి పోయి ఒకటి మిగిలింది, రాత్రంతా చలి వేసింది అన్న వాస్తవం దాన్ని నేలమీద నిలుపుతుంది. అప్పటివరకూ పుచ్చుకోవడమే తెలిసిన అతిథి మొదటిసారి తనకు కావలసిన వస్తువును ఇచ్చాడు.

మరునాడు చూసిన చుకికమాటాలో దీనికి పూర్తి విరుద్ధమైన ఆతిథ్యం ఎదురవుతుంది. అమెరికన్ కంపెనీ అధికారులు, ఇది పర్యాటక స్థలం కాదంటూ గని చూపించి వీలైనంత త్వరగా పంపించివేయాలని చూస్తారు.

5. ప్రశ్న అడిగే చేయి మారినప్పుడు

పెరూలో కొండదారుల్లో స్థానిక ఆదివాసులతో కలిసి లారీ వెనుక ప్రయాణించినప్పుడు ప్రశ్నల దిశ మారుతుంది. అర్జెంటీనా ఎలాంటి దేశం, పెరోన్ పాలన ఎలాంటిదని వారే అడుగుతారు. కొడుకుతో వచ్చిన ఒక ఆదివాసి, వృద్ధుల హక్కుల ప్రకటన ఉన్న అర్జెంటీనా రాజ్యాంగ ప్రతిని పంపమని కోరాడు. మిత్రులు ఉత్సాహంగా మాట ఇచ్చారు. ఆ మాట నెరవేరిందో లేదో ఆ ప్రకరణం చెప్పదు. ప్రవరుడిలా దూరదేశపు ముచ్చట అడిగిన ఈ మనిషికి కావలసింది తీర్థమాహాత్మ్యం కాదు, ముదిమిలో తనకు అక్కరకొచ్చే ఒక కాగితం. పుస్తకంలో గృహస్థు తన గొంతుతో తనకేం కావాలో చెప్పిన అరుదైన చోటు ఇది. విమర్శ దీన్ని దాదాపు పట్టించుకోలేదు.

లిమా నగరంలో డాక్టర్ హ్యూగో పెస్సే వారికి గియా కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో బస కల్పించాడు. మరియాటెగి భావాల అనుయాయి, ఆ దేశంలో కుష్ఠువ్యాధి వైద్యానికి ఆద్యుల్లో ఒకడు. వీడ్కోలు వేళ ఆసుపత్రి రోగులు తమలో తాము చందాలు వేసుకుని 100.50 సోల్ నాణేలు పోగుచేసి ఈ ఇద్దరికీ ఇచ్చారు. లోకం వెలివేసినవారు అతిథులకు దారిఖర్చు ఇచ్చారు. అమెజాన్ ఒడ్డున సాన్ పాబ్లో చికిత్సాకేంద్రంలోనూ ఇదే తీరు. మిత్రులు రోగులతో చేతులు కలిపారు, వారితో ఫుట్‌బాల్ ఆడారు. వెళ్లేముందు రోగులు పడవమీద వచ్చి పాడారు. అకార్డియన్ వాయించిన మనిషికి కుడిచేతి వేళ్లు లేవు. మణికట్టుకు కట్టుకున్న పుల్లలతో వాయించాడు. తల్లికి రాసిన ఉత్తరంలో గువేరా ఈ దృశ్యాన్ని వర్ణించాడు.

వాల్టర్ సాలెస్ 2004 చిత్రం ఇక్కడ ఒక మార్పు చేసింది. పుట్టినరోజు రాత్రి గువేరా రోగుల గట్టువైపు నది ఈదుతూ వెళ్లడం చిత్రానికి శిఖరఘట్టం. గ్రంథంలో ఆ ఈత వేరే సందర్భంలోనిది, దానికా ప్రతీకార్థం లేదు. చిత్రంలో నాయకుడు ఇచ్చేవాడయ్యాడు, గ్రంథంలో అతడు పుచ్చుకున్నవాడే. తెరమీది దృశ్యం ఎంత ఉదాత్తమైనా, రోగుల పాట విని ఏమీ తిరిగి ఇవ్వలేక నిలబడ్డ అతిథి దృశ్యమే ఎక్కువ నిజాయితీ గలది.

6. తోడువచ్చినవాడి సాక్ష్యం

గువేరా పుస్తకం శీర్షికలున్న ప్రకరణాలుగా, తీర్చిన కథనంగా సాగుతుంది. దాన్ని రాసిన పాత మనిషి స్వదేశపు నేలమీద తిరిగి కాలుమోపిన నాడే చనిపోయాడని తొలి పుటల్లోనే చెబుతాడు. గ్రనాడోది తేదీలు, ఊర్లు వేసుకుంటూ సాగే దినచర్య. శైలిలో మెరుపు తక్కువ. అయితే మిత్రుడు తన గురించి రాసుకోనివి అందులో దొరుకుతాయి. పెస్సే తాను రాసిన పుస్తకం మీద అభిప్రాయం అడిగితే, ఇంటివాడి భోజనబల్ల దగ్గర కూర్చుని కూడా గువేరా ఆ పుస్తకం బాగాలేదని ముఖంమీదే చెప్పాడు. గ్రనాడో ఇబ్బంది చదివేవారికీ అంటుకుంటుంది. వార్షికోత్సవ తంత్రంతో భోజనాలు సంపాదించిన ఆ నోటికి, నిజంగా రుణపడ్డ మనిషి ముందు ముఖస్తుతి రాలేదు.

1952 జూలైలో కారకాస్‌లో మిత్రులు విడిపోయారు. గ్రనాడో అక్కడి కుష్ఠువ్యాధి చికిత్సాలయంలో ఉద్యోగంలో చేరాడు. గువేరా చదువు ముగించడానికి తిరిగి వెళ్లాడు. పదేళ్ల తరువాత, 1962లో, గెరిల్లా యుద్ధం మీద తాను రాసిన పుస్తకం ప్రతిని పెస్సేకు పంపుతూ, తెలియకుండానే తన జీవితదృక్పథంలో పెద్ద మార్పుకు ఆయన కారకుడయ్యాడన్న అర్థం వచ్చేలా అంకితవాక్యం రాశాడు. లిమాలో తన పుస్తకంమీద పరుషమైన తీర్పు విన్న గృహస్థుకు ఆ అతిథి తిరిగి పంపింది తాను రాసిన ఒక పుస్తకం.